గేటు అవతల సారు, గేటు ఇవతల ఒరేయ్

నాదెండ్ల ఇంకా రాకముందే కారు అద్దం సందులోంచి పొగ వాసన లోపలికి వచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా పత్తి తీసేసిన చేలు, ఎక్కడో ఎవరో కట్టె పీకి తగలబెడుతున్నట్టున్నారు. వెనక సీట్లో తల వాల్చి నిద్రపోతున్నాడనుకున్న మా నాన్న కళ్లు తెరవకుండానే, "పత్తికట్టె. పచ్చిది గూడా కలిసింది," అన్నాడు. ఫైర్ సర్వీసులో చేసి రిటైరైన మనిషి ఆయన. నిన్న తిన్న కూర అడిగితే చెప్పలేడు గానీ ముక్కు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. వరిగడ్డి పొగ వేరు, పశువుల కొట్టం పొగ వేరు, రబ్బరు కలిస్తే వేరు అని మా చిన్నప్పుడు భోజనాల దగ్గర కూడా పాఠాలు చెప్పేవాడు. మిరపకాయల పొగకు మాత్రం పాఠం అవసరం లేదు, ఊరు ఊరంతా తుమ్ముతుంది.

మేం వెళ్తున్నది సలోమి ఇంటికి. సలోమి నా చిన్ననాటి స్నేహితురాలు, నా కంటే రెండేళ్లు పెద్దది, ఆ రెండేళ్ల పెత్తనం ఇప్పటికీ వదలదు. ముందురోజు ఫోన్ చేసి ఏడ్చింది. "మా నాన్న మాట వినటం లేదే. మనుషుల్ని మర్చిపోయాడు గానీ పొగను మర్చిపోలా. చేలో ఎవరన్నా కట్టె తగలబెడితే చాలు, చేతికర్ర గూడా పట్టుకోకుండా అటే నడుస్తన్నాడు. మొన్న గట్టు మీద పడ్డాడు. ఎవరు ఆపినా ఆగటం లా. బాబాయిని ఒకసారి తీసుకురా, ఆయన మాటన్నా వింటాడేమో," అంది. వాళ్ల నాన్న దావీదు, నాకు పెదనాన్న. రక్త సంబంధం ఏమీ లేదు. కానీ మా నాన్న చేత మొదటిసారి నీళ్ల గొట్టం పట్టించిన మనిషి ఆయన. ఆయన్ను మా నాన్న 'అన్నా' అన్నాడు కాబట్టి నాకు పెదనాన్న అయ్యాడు, అంతే.

మేం పుట్టి పెరిగింది ఫైర్ స్టేషన్ క్వార్టర్సులో. ఏ ఊరో చెప్పను, చెబితే అప్పటి వాళ్లు ఫోన్లు చేసి 'మా గురించి రాయలేదేంది' అని తగువుకొస్తారు. పల్నాటి ఊరే, పిడుగురాళ్ల సున్నం లారీలు వెళ్లే రోడ్డు పక్కన. ఆ దుమ్ముకు మా వేపచెట్టు ఆకులు కూడా ఎండాకాలమంతా తెల్లగానే ఉండేవి. ముందు స్టేషను, అందులో ఎర్ర బండి, దాని పక్కన ఇనుప కమ్మికి వేలాడదీసిన ఇత్తడి గంట, వెనకాల మా ఇళ్ల వరస, రెంటికీ మధ్య నడుమెత్తు ప్రహరీ, ఆ ప్రహరీలో కిర్రుమనే చిన్న ఇనుప గేటు. ఆ గేటుకు అవతల సర్కారు, ఇవతల సంసారం.

గంట గురించి చెప్పాలి. అది మోగిందంటే ఎక్కడో ఏదో కాలుతోందని అర్థం కాబట్టి, మా క్వార్టర్సులో ఇంకే గంటా మోగకూడదు. అదొక నియమం, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పినవాళ్లు మాత్రం లేరు. మా అమ్మ శ్రావణ శుక్రవారం హారతి ఇచ్చేటప్పుడు కూడా గంట కొట్టేది కాదు, "అమ్మవారికి తెలుసులే మనది ఫైరిల్లని," అని సర్దిచెప్పుకునేది. పిల్లలు కంచం మీద గరిటెతో కొడితే వీపు విమానం మోతే. ఎండాకాలం ఐసుబండి మల్లయ్య తాత రోడ్డంతా గణగణమని వాయించుకుంటూ వచ్చి, మా ప్రహరీ మొదలు రాగానే గంట నాలుకను రెండు వేళ్లతో పట్టుకొని, ప్రహరీ చివరిదాకా నోరు కుట్టేసుకున్న మనిషిలా నడిచి, దాటాక మళ్లీ మొదలుపెట్టేవాడు. దాంతో ఊరి పిల్లలందరికీ ఐసు దొరికేది, మాకు మాత్రం ఆయన వచ్చి వెళ్లిన సంగతే తెలిసేది కాదు.

అసలు గంట మోగితే తినేవాళ్లు తింటున్నట్టే లేచిపోవాలి. పండుమిరపకాయ పచ్చడి కలిపిన వేడన్నం ముద్ద నోటి దాకా వచ్చినా సరే, ముద్ద కంచంలోనే, మనిషి బండి మీద. అలా లేచిపోయిన మనిషి కంచాన్ని ఎవరూ తీయకూడదు. ఆడవాళ్లు దాని మీద మూతపెట్టి, ఆయన తిరిగొచ్చి అదే కంచం ముందు కూర్చునే దాకా తాము తినేవాళ్లు కాదు. చల్లారిన అన్నమే తినాలి, వేడిది కొత్తగా వడ్డించకూడదు, ఆ ముద్ద కోసమే మనిషి వెనక్కి వస్తాడని వాళ్ల నమ్మకం. మూఢనమ్మకమే, కాదనను. నా మొగుడు భోజనం మధ్యలో ఫోన్ వచ్చి లేచినా నేను ఇప్పటికీ కంచం మీద మూతే పెడతాను.

ఇక హోదాలు. స్టేషనంతటికీ పెద్ద ఆఫీసరు గారు, బండిలో డ్రైవరు పక్క సీటు ఆయనది, ఆ సీట్లో ఈగ కూడా కూర్చోదు. ఆయన తర్వాత లీడింగ్ ఫైర్‌మ్యాన్, చొక్కా మీద పట్టీలుండేవాడు, మంట దగ్గర ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ఎప్పుడు లోపలికి పోవాలో, ఎప్పుడు బయటికి రావాలో చెప్పేది ఆయన. డ్రైవరు బండినీ పంపునూ వదిలి అడుగు కదలకూడదు, కళ్ల ముందు సొంత ఇల్లు కాలుతున్నా సరే. మిగిలినవాళ్లు ఫైర్‌మ్యాన్‌లు, గొట్టం పట్టేదీ, మంటకు ఎదురు నడిచేదీ వాళ్లు. ఆఫీసరు గారు సెలవులో ఉంటే ముందు సీటు లీడింగ్‌ది.

పిల్లలం మేమూ అదే వరస. చిరిగిపోయిన గొట్టం ముక్కకు చెంబు కట్టి, అమ్మల సత్తు గిన్నెలు నెత్తిన బోర్లించి ఆడే ఆటలో ఎవరి నాన్న హోదా వాళ్లది. ఆఫీసరు గారి అబ్బాయి ఎప్పుడూ ముందు సీటే, వాడికి ఆట రాకపోయినా. దసరాకు బండిని కడిగి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, పులిహోర ఆకుల్లో పంచాక మమ్మల్నందర్నీ ఎక్కించుకొని ఊరు చుట్టూ ఒక తిప్పు తిప్పేవారు. అప్పుడు కూడా నాన్నల వరస ప్రకారమే కూర్చోవాలి. ఆ బండికి పసుపూ కుంకుమా పెట్టేది మా నాన్నయితే, దాని ఇత్తడి సామానునంతా చింతపండు, బూడిదతో మొహం కనిపించేదాకా తోమేది దావీదు పెదనాన్న. "యేసుప్రభువు తోమొద్దన్లేదుగా," అనేవాడు. డిసెంబరొస్తే ఆయన ఇంటి మీద కాగితపు నక్షత్రం వెలిగేది, మార్తమ్మ పెద్దమ్మ పళ్లెం నిండా అరిసెలు, కారప్పూస తెచ్చి ఆ గేటు పక్కన గట్టు మీద పెడితే డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే వచ్చి తినేవాళ్లు.

నాన్న, దావీదు పెదనాన్న ఇద్దరూ ఫైర్‌మ్యాన్‌లే. పెదనాన్న చాలా సీనియరు, కానీ పదో తరగతి లేదు. నాన్నకూ లేదు మొదట్లో. పెదనాన్నే పట్టుబట్టి ప్రైవేటుగా కట్టించి, నాన్న చదువుకోవడానికి తన విశ్రాంతి వదులుకొని ఆయన డ్యూటీలు కూడా తనే చేశాడు. "నువ్వు కూడా కట్టన్నా," అంటే, "ఆ లెక్కలు నాకెక్కవురా, నువ్వు ఎక్కు, నీ వెనకాల నేనుంటా," అన్నాడట. నాన్న పాసయ్యాడు. కొన్నాళ్లకు లీడింగ్ ఫైర్‌మ్యాన్ అయ్యాడు. పట్టీలు కుట్టిన కొత్త చొక్కా వేసుకున్న రోజు అందరికంటే ముందు గేటు దాటివచ్చి బిగదీసి సెల్యూట్ కొట్టింది పెదనాన్నే. మా నాన్న మొహం చూడాలి అప్పుడు, ఎవరో చెంప మీద కొట్టినట్టు అయిపోయింది.

పెదనాన్నకు ఆ మార్పు నల్లేరు మీద నడక. గేటు అవతల 'సార్', గేటు ఇవతల 'ఒరేయ్ ఎంకటేశ్వర్లూ'. ఆ గేటు కిర్రుమనేలోపల ఆయన నాలుక మారిపోయేది. మా నాన్న వల్లే కాలేదు. పొద్దున్నే వరసలో నిలబెట్టి పేర్లు పిలవాలి గదా, అందరి పేర్లూ గట్టిగా పిలిచి, పెదనాన్న దగ్గరికి వచ్చేసరికి నేల చూపులు చూసేవాడు. పిలవని పేరుకు పెదనాన్నే "సార్!" అని అరిచి ఆ వరస ముందుకు నడిపించేవాడు. ఇంట్లో అమ్మ ఊరుకుంటుందా? "ఆయనకు పని చెప్పలేకపోతే ఆ పట్టీలు ఊడదీసి నా పోపులడబ్బాలో పెట్టు, తాలింపుకన్నా పనికొస్తయ్యి," అనేది. మాకూ అదే తంటా వచ్చిపడింది. ఆటలో నేను రాత్రికి రాత్రి లీడింగ్ అయ్యాను, సలోమి నా కింద ఫైర్‌మ్యాన్. మొదటి ఆజ్ఞ నోటి నుంచి రాకముందే "నువ్వేంది నాకు చెప్పేది, ముక్కు తుడుచుకో ముందు," అని నెత్తి మీద గిన్నె లాక్కుంది. అక్కడితో నా ఉద్యోగం ఊడింది.

పేర్ల దగ్గర నసుగుడైతే నవ్వుకొని ఊరుకునేవాళ్లమే. మంట దగ్గర కూడా అదే చేశాడు నాన్న. ఒక వేసవిలో పక్క ఊళ్లో గడ్డివాములు అంటుకున్నాయి. పెదనాన్నను 'నువ్వు లోపలికి పో' అనలేక, ఆయన చేతిలో గొట్టం తీసుకొని తనే ముందుకు పోయాడు. బయట నిలబడి అందర్నీ చూడాల్సిన మనిషి లోపలున్నాడు. గాలి తిరిగింది. తిరిగిందని చెప్పేవాడు లేడు. ఇద్దరూ రెండు వాముల మధ్య పొగలో చిక్కుకొని, గొట్టం తడుముకుంటూ ఎలాగో బయటపడ్డారు.

ఆ సాయంత్రం నాన్న కనుబొమలు కాల్చుకొని వచ్చాడు. వెనకాలే పెదనాన్న. ఇంటికి పోకుండా మా గడప మీద కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ ముట్టుకోలేదు. ఆయన మజ్జిగ వద్దనడం నేనెప్పుడూ చూడలేదు, అందుకే తలుపు పట్టుకొని నిలబడిపోయాను.

"నువ్వు గొట్టం పట్టుకుంటే గాలి నీ తాత చూస్తాడంట్రా?" అన్నాడు.

"నీకెట్టా చెప్పేదన్నా? నా చేత గొట్టం పట్టించిందే నువ్వు."

"అందుకేరా చెప్తన్నా. పెద్దోణ్ణని మర్యాద ఇస్తన్నా అనుకుంటన్నావు నువ్వు. మర్యాద గాదది. మంటలోకి పోయేవోడికి వెనకాల రెండు కళ్లుండాల. ఆ కళ్లు నువ్వు. నువ్వొచ్చి నా పక్కన నిలబడితే నేను గుడ్డోణ్ణి గదరా. ఇంకోసారి ఇట్టా చేశావా, నేను నీ బండెక్కను. బదిలీ పెట్టుకొని మాచర్ల పోతా, పిల్లల్ని తీసుకొని."

 నాకు మాత్రం ఆ చివరి మాటే వినపడింది. పిల్లల్ని తీసుకొని అంటే సలోమిని తీసుకొని. మర్నాడు పొద్దున్నే సలోమికి చెబితే, అంత మొండిది, అదీ ఏడ్చింది. దేవుడి దగ్గర ఇద్దరం రెండు భాషల్లో మొక్కుకున్నాం, అది మోకాళ్ల మీద, నేను చెంపలేసుకొని. మా నాన్నకు గొంతు రావాలని మొక్కు.

క్వార్టర్సు వెనక గోడకు అవతల పత్తి మిల్లు ఉండేది. పత్తి సీజను వచ్చిందంటే గాల్లో దూది తేలుతుండేది, ఆరేసిన బట్టలకు అతుక్కునేది, పాల మీద మీగడతో పాటు అదీ తేలేది. ఒక మధ్యాహ్నం అన్నాల వేళ గంట మోగింది. అమ్మ కంచం మీద మూతపెట్టేలోపే మా ముక్కులకు వాసన కొట్టింది. మిల్లు అంటుకుంది. ఆఫీసరు గారు మీటింగుకని గుంటూరు వెళ్లాడు, ముందు సీట్లో నాన్నే ఎక్కాడు. బట్టలుతికే బండ ఎక్కితే గోడ మీదుగా మిల్లు ఆవరణ కనిపిస్తుంది. నేనూ సలోమీ ఎక్కాం. రేకుల షెడ్డు నిండా పత్తి బస్తాలు, కూలీలు బయటికి పరుగెత్తుతున్నారు, పొగ నల్లగా కాదు, పచ్చగా, చిక్కగా వస్తోంది.

నాన్న ఒక ఖాళీ ఎడ్లబండి మీద నిలబడి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. మంట దగ్గర మా నాన్న ఒట్టి చేతులతో నిలబడటం మేం ఎప్పుడూ చూడలేదు. ఏం చేయాలో తెలియక ఆ చేతుల్ని మాటిమాటికీ ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. పెదనాన్న గొట్టం భుజానికెత్తుకొని ఆయన వైపే చూస్తూ ఆగాడు. కావాలనే ఆగాడు. చెప్పందే కదలను అన్నట్టు.

"దావీదూ! ఎడంపక్క తలుపు! లోపలికి పో!"

ఆ అరుపు మా నాన్నదని నమ్మడానికి నాకు కాసేపు పట్టింది. సలోమి నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "మీ నాన్న మా నాన్నను పేరు పెట్టి అరిచాడే," అంది. కోపమో సంతోషమో దానికే తెలియదు. పెదనాన్న పొగలోకి పోయాడు. ఆయన వీపు, గొట్టం తోక మాత్రం కనపడుతున్నాయి. నాన్న ఆయన వీపు చూస్తాడు, కప్పు చూస్తాడు, గాలి చూస్తాడు, ఇటు పక్కవాళ్లకు చెయ్యి ఊపుతాడు, మళ్లీ ఆయన వీపు చూస్తాడు. బండి దిగలేదు.

ఉన్నట్టుండి, "దావీదూ! వెనక్కి!" అన్నాడు.

పెదనాన్న 'ఎందుకు?' అని తల తిప్పి చూడలేదు, పైకి కూడా చూడలేదు. గొట్టం పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ తలుపు దాటి వచ్చేశాడు. ఆయన వచ్చాక కప్పు మధ్యలో దూలం విరిగి రేకులన్నీ ఆయన నిలబడిన చోటే కూలాయి. సలోమి అరిచిన అరుపుకు మార్తమ్మ పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి మా ఇద్దర్నీ బండ మీద నుంచి దించి, ఏం జరిగిందో తెలియకుండానే ఇద్దరికీ చెరొకటి తగిలించింది.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ మసి కొట్టుకొని వచ్చారు. గేటు అవతల పెదనాన్న సెల్యూట్ కొట్టాడు. గేటు కిర్రుమంది. ఇవతల అడుగుపెట్టి, "ఒరేయ్ ఎంకటేశ్వర్లూ, ఏం గొంతురా నీది! ఇన్నాళ్లు యాడ దాచావు?" అని నాన్న వీపు మీద ఒక్కటి చరిచాడు. నాన్న ఆ గట్టు మీదే కూర్చొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నిన్ను పేరు పెట్టి పిలిచానన్నా," అంటాడు, మళ్లీ ఏడుస్తాడు. పెదనాన్న పక్కన కూర్చొని, "ఆ పిలుపుకే గదరా బయటికొచ్చింది, లే, అన్నం చల్లారిపోయింది," అన్నాడు. రెండు కంచాలూ అక్కడికే తెప్పించారు. మజ్జిగ రెండు చెంబులు తాగాడు పెదనాన్న. మాచర్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పెదనాన్న రిటైరయ్యేదాకా గేటు అవతల అలాగే సాగింది. రిటైరైన రోజు నుంచి మా నాన్న ఆయన పేరు నోటితో అనలేదు. ఫోనులో కూడా 'అన్నా' అనే.

ఆ క్వార్టర్సు ఇప్పుడు లేదు. కొట్టేసి కొత్త బిల్డింగు కట్టారు, గంట బదులు సైరను పెట్టారు, కిర్రుమనే గేటు ఏ పాత సామాన్ల కొట్టులో పడిందో తెలియదు. గడ్డివాములే లేవు, మిషను కోసి చుట్టలు చుట్టి పడేస్తోంది. ఐసుబండి పోయింది, మల్లయ్య తాత పోయాడు, మార్తమ్మ పెద్దమ్మ పోయింది. ఇవన్నీ తలచుకుంటూ వెళ్తుంటే సలోమి వాళ్ల ఊరొచ్చింది.

ఇంటి ముందు సలోమి లేదు. వరండాలో సగం తిన్న కంచం, దాని మీద మూత. నాకు అర్థమైంది. ఇంటి వెనక చేలోకి పరుగెత్తాను. దూరంగా పత్తికట్టె కుప్పలు కాలుతున్నాయి, పెదనాన్న పైపంచ లేకుండా, వట్టి కాళ్లతో, దున్నిన చాళ్లలో తడబడుతూ ఆ పొగ వైపే పోతున్నాడు. సలోమి చెయ్యి పట్టుకు లాగుతుంటే విదిలించేస్తున్నాడు. "నాన్నా, ఆగు నాన్నా," అని అదీ, "పెదనాన్నా," అని నేనూ. వినపడితేగా! మోకాళ్ల నొప్పులతో మా నాన్న గట్టు దాకా వచ్చి, ఊపిరి పీల్చుకొని, "అన్నా! అన్నా, ఆగన్నా!" అని పిలిచాడు. పెదనాన్న ఆగలేదు. మంట దగ్గరికి ఇంకెంతో దూరం లేదు.

నాన్న చేతికర్ర నాకిచ్చాడు. ఒట్టి చేతులతో గట్టు మీద నిలబడ్డాడు. నడుము నిటారుగా చేసుకున్నాడు.

"దావీదూ! వెనక్కి!"

పెదనాన్న ఆగిపోయాడు. 'ఎందుకు?' అని తల తిప్పలేదు. మొహం మంట వైపే పెట్టుకొని, చేతుల్లో లేని గొట్టం పట్టుకొని, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ వచ్చేశాడు. సలోమి పడిపోకుండా వీపుకు చెయ్యి అడ్డుపెట్టి ఏడుస్తూ వెంట నడిచింది. గట్టు దగ్గరికి వచ్చి ఇటు తిరిగి, మా నాన్నను గుర్తుపట్టని కళ్లతో చూసి, మడమలు కలిపి, "సార్," అన్నాడు.

నాన్న ఆయన చెయ్యి పట్టుకొని నడిపించుకుంటూ వచ్చాడు. సలోమి ఇంటి వెనక చిన్న గేటుంది, తుప్పు పట్టిందే. నేను తోస్తే కిర్రుమంది. లోపల అడుగుపెట్టాడో లేదో పెదనాన్న ఆగి, నాన్న మొహంలోకి వంగి చూసి, "ఒరేయ్ ఎంకటేశ్వర్లూ! ఎప్పుడొచ్చావురా? అన్నం తిన్నావా?" అన్నాడు.

నరసరావుపేటలో బయలుదేరేముందు మేం కడుపునిండా తినే వచ్చాం.

"తినలేదన్నా," అన్నాడు నాన్న. మూత పెట్టిన ఆ కంచం పక్కనే చాప మీద, మోకాళ్లు పట్టుకొని మెల్లిగా కూర్చున్నాడు.